ముప్పై ఒకటో బిళ్ల

హృషికేశ్ కొత్త సైకిల్ తీసుకోవడానికి వచ్చిన రోజు షోరూంలో ఏసీ ఇంకాస్త పెంచారు. ఉన్నవాడికి చెమట కూడా వ్యాయామంలోనే పట్టాలి. ఊరికే పడితే షాపుకు చెడ్డపేరు.

నాచారం మెయిన్ రోడ్డు మీది ఆ షోరూం తేజేష్‌ది. గాజు బల్ల మీద సామానంతా పరిచి చూపిస్తున్నాడు. పెడల్‌కు టక్కున పట్టుకునే బూట్లు, కూర్చునే చోట మెత్త కుట్టిన నిక్కరు, గాలి దూరే హెల్మెట్, ఎంత దూరం పోయామో గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పే చిన్న కంప్యూటర్. హృషికేశ్ నీళ్ల సీసా పెట్టుకునే చట్రాన్ని అరచేతిలో వేసుకుని తూచినట్టు ఊపాడు.

"ఇంతకంటే తేలికైంది లేదా?"

"కార్బన్‌ది ఉంది సార్. పద్దెనిమిది గ్రాములే. రేటు జర ఎక్కువ."

"అదే ఇవ్వండి."

వెనక బల్ల దగ్గర మెకానిక్ బుచ్చిరాములు కొత్త సైకిల్‌కు ఆఖరి బిగింపులు చేస్తున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి. ఉప్పల్ రింగురోడ్డు పక్కన చెక్కపెట్టె, గాలిపంపు, పంక్చర్లకు నీళ్ల తట్ట పెట్టుకుని ఇరవై ఆరేళ్లు బతికాడు. రోడ్డు వెడల్పు చేస్తూ ఆ పెట్టెను ఎత్తేశారు. అప్పటి నుంచి తేజేష్ దగ్గర జీతం.

"అన్నా, రిఫ్లెక్టర్లు తీసినవా?" తేజేష్ అడిగాడు.

"తీస్తున్న."

ఈ వ్యాపారంలో అదొక ఆచారం. కంపెనీ నుంచి ప్రతి సైకిల్ వెనక ఎర్ర బిళ్లతో వస్తుంది. వెనక వచ్చే బండి లైటు పడితే మెరిసి, ముందు మనిషి ఉన్నాడని చెబుతుంది. కొనేవాళ్లకు అది నామోషీ. బరువు పెరుగుతుంది, అందం చెడుతుంది, పిల్లల సైకిల్‌లా ఉంటుంది. అందుకే డెలివరీకి ముందే ఊడబీకాలి. తెల్లవారుజామున ఘట్‌కేసర్ దాకా తొక్కి ఇడ్లీ తిని వచ్చేవాళ్లు. వాళ్లకు మిణుకుమిణుకుమనే ఖరీదైన లైట్లున్నాయి, వెనక కాపలాగా ఒక కారు కూడా ఉంటుంది. వాళ్లకు బిళ్ల ఎందుకు?

బుచ్చిరాములు ఎర్ర బిళ్ల విప్పి పాత బిస్కెట్ డబ్బాలో వేశాడు.

ఆ డబ్బా సంగతి రెండేళ్లుగా ఎవరికీ పట్టలేదు. చెత్తలో పోయే సరుకే కదా. మధ్యాహ్నం అన్నం వేళ అతను ఆ బిళ్లలు జేబులో వేసుకుని ఇండస్ట్రియల్ ఏరియాకు పోయేవాడు. రెండో షిఫ్టు వాళ్లు రెండింటికి లోపలికి పోతారు. కాంట్రాక్టు కూలీల సైకిళ్లు కంపెనీ గేటు లోపలికి రానివ్వరు కాబట్టి బయట గోడ వారగా వరసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్క దానికి బిళ్ల బిగించి వచ్చేవాడు. అట్లా ముప్పై ఒక్క సైకిళ్లయ్యాయి.

మొదటిది పోశయ్యది. ప్లాస్టిక్ పైపుల కంపెనీలో పని, నారపల్లి అవతల ఇల్లు. షిఫ్టు దిగేసరికి పది దాటుతుంది, బస్సు దొరకదు. కట్టి కట్టని వంతెన స్తంభాల పక్కన, టిప్పర్ల మధ్య, చీకట్లో తొక్కుకుంటూ పోతాడు. పంతొమ్మిదేళ్లుగా పోతున్నాడు. దానికి ఎవడూ వ్యాయామం అని పేరు పెట్టలేదు.

"ఏంది బుచ్చన్న, నా సైకిల్‌కు బొట్టు పెట్టినవ్?" అన్నాడు పోశయ్య మొదటిరోజు.

"నిన్ను ఎవడు సూస్తడు బావా. గిదన్న సూస్తరు."

అతను డబ్బాలోంచి బిళ్లలు జేబులో వేసుకోవడం సీసీ కెమెరాలో కనబడ్డది ఒక గురువారం. తేజేష్ పొద్దున్నే బుచ్చిరాములును గాజు గదిలోకి పిలిచాడు.

"అన్నా, షాపు సామాను బయటికి పోతుంది."

"చెత్తల ఏసేటియి సార్ అవి."

"చెత్తల వేసేది కూడా నాదే కదా. చెప్పకుండ తీసుకపోతే దాన్నేమంటరు? నువ్వే చెప్పు."

బుచ్చిరాములు చేతిలోని నూనె గుడ్డ మడిచాడు. ఈ వయసులో ఇంకో షాపులో పని ఎవడిస్తాడు? ఇంట్లో భార్య రాజ్యం మోకాళ్ల మందులు ఆగకూడదు.

తేజేష్ నవ్వాడు. "భయపడకు. కంపెనీ గేటు దగ్గర నువ్వు పెట్టినయి లెక్కపెట్టించిన. నాకు మంచి ఐడియా వచ్చింది. హృషికేశ్ సార్ వాళ్ల క్లబ్బు ఆదివారం రైడ్ పెట్టుకుంటున్నరు. ఆ గేటు దగ్గర్నే ప్రోగ్రాం పెడదాం. కార్మికులకు రిఫ్లెక్టర్ల దానం. ముప్పై ఒక్క సైకిళ్లు, ముప్పై ఒక్క ప్రాణాలు. ఎట్లుంది?"

"పెట్టినంక మళ్లేం పెడ్తరు సార్?"

"అందుకే నువ్వు రేపు అన్నీ విప్పుకొని రా. కడిగి, మన షాపు స్టిక్కర్ వేసి, చిన్న డబ్బాలల్ల పెట్టాలె. ఆదివారం అందరి ముందర బిగిద్దాం. రెండు రోజుల ముచ్చట."

"రెండు రాత్రులు సార్."

"ఇంతకుముందు లేవు కదన్నా. దొంగతనం అంటవా, దానం అంటవా? పేరు నీ చేతుల ఉంది."

శుక్రవారం మధ్యాహ్నం బుచ్చిరాములు గోడ వారగా కూర్చుని బిళ్లలు విప్పాడు. పెట్టిన చేతులే. పోశయ్య షిఫ్టుకు అప్పుడే వస్తూ చూశాడు.

"గిదేందే, బొట్టు చెరుపుతున్నవ్?"

"ఆదివారం మళ్ల పెడ్త బావా. ఫొటోలు దిగుతరంట పెద్దోళ్లు."

"గట్లనా. అయితే గడ్డం గీసుకొని రావాల్నా నేను?" పోశయ్య టిఫిన్ డబ్బా సైకిల్ నుంచి తీసుకున్నాడు. "తియ్ తియ్. ఇన్నేండ్లు లేకుంటనే పోలేదా."

ఆ మాటను బుచ్చిరాములు పట్టుకున్నాడు. గడ్డిపరక దొరికినా పట్టుకునేవాడే ఆ పూట. పోశయ్య సైకిల్‌కున్న ఆఖరి స్క్రూ విప్పాడు.

శనివారం పొద్దున షట్టర్ ఎత్తుతుంటే టీకొట్టువాడు చెప్పాడు. రాత్రి మేడిపల్లి దాటినంక పోశయ్యను కారు వెనక నుంచి గుద్దింది. కుడికాలు నుజ్జయింది. కారువాడు పారిపోలేదు, మంచివాడే, అక్కడే నిలబడి ఒకటే మాట అన్నాడట: కనబడలేదు.

బుచ్చిరాములు పోయి తేజేష్‌కు చెప్పాడు. తేజేష్ ఒక నిమిషం నిజంగానే బాధపడ్డాడు. తర్వాత బ్యానర్ వైపు చూశాడు. బ్యానర్ అచ్చయి వచ్చింది. ముప్పై ఒక్క సైకిళ్లు, ముప్పై ఒక్క ప్రాణాలు.

"ఆయన సైకిల్ ఏడుంది?"

"పోలీస్ స్టేషన్ల."

"ఒకటి తక్కువైతది మరి." బ్యానర్ మీది అంకెను వేలితో తట్టాడు. "నీ సైకిల్ తెచ్చి పెట్టన్నా. లెక్క సరిపోతది."

బుచ్చిరాములు తల ఊపాడు. ఊపినందుకు తరువాత తనను తాను తిట్టుకున్నాడు గానీ, ఆ క్షణాన ఊపాడు.

ఆదివారం గేటు దగ్గర బిగుతు బట్టల్లో నలభై మంది సైకిళ్లతో దిగారు. సెలవు రోజు నిద్ర చెడగొట్టి కూలీలను పిలిపించారు. ఒక్కొక్కడు తన సైకిల్ పక్కన నిలబడ్డాడు, తనది తనకే దానమిస్తుంటే చేతులు కట్టుకుని. హృషికేశ్ చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టారు. అతనికి బిగించడం రాలేదు. పాపం నిజాయితీగానే ప్రయత్నించాడు. కెమెరా పక్కకు తిరిగాక బుచ్చిరాములు బిగించాడు.

ముప్పై అయ్యాయి. ఆఖరి డబ్బా బుచ్చిరాములు చేతిలో ఉంది. మూల కొంచెం విరిగిన బిళ్ల. పోశయ్యది.

"ఇది ఎవరిది అంకుల్?" హృషికేశ్ అడిగాడు.

"మీ సైకిల్‌సొంటి దానిదే సార్. మీసొంటోళ్లు వద్దంటె నేను తీసింది. పోశయ్యకు పెట్టిన. మీ ఫొటో కోసం మళ్ల తీసిన. శుక్రవారం రాత్రి ఆయన్ని కారు గుద్దింది."

హృషికేశ్ ముఖం తెల్లబోయింది. తేజేష్ వైపు చూశాడు. తేజేష్ చప్పట్లు మొదలుపెట్టాడు. దూరంగా ఉన్నవాళ్లకు మాటలు వినబడలేదు, చప్పట్లే వినబడ్డాయి. వాళ్లూ కొట్టారు.

బుచ్చిరాములు తన సైకిల్ వరసలోంచి తీసుకుని వెళ్లిపోయాడు. వెనక నుంచి తేజేష్ పిలవలేదు. ఇక పిలిచే పని లేదని ఇద్దరికీ తెలుసు.

దవాఖానా వరండాలో పోశయ్య భార్య రాణి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మోకాలి కింద కాలు తీసేశారని చెప్పింది. గేటు బయట జరిగింది కాబట్టి తనకు సంబంధం లేదని కాంట్రాక్టర్ అన్నాడని చెప్పింది. ఏడవలేదు. ఏడుపు నిన్ననే అయిపోయినట్టుంది.

బుచ్చిరాములు డబ్బా ఆమె ముందు పెట్టాడు. మూత మీద షాపు స్టిక్కర్ మెరుస్తోంది.

"ఇదేందన్నా?"

చెప్పాడు. ఏదీ దాచకుండా, తేజేష్ మీదికి నెట్టకుండా చెప్పాడు. తానే తీశానని రెండుసార్లు చెప్పాడు.

రాణి ఎర్ర బిళ్లను తిప్పి తిప్పి చూసింది.

"నిన్న వార్డుల వాళ్లంత అడిగిన్రు, సైకిల్‌కు ఎనక ఏం లేదా అని. ఉన్నదన్న నేను. మా బుచ్చన్న పెట్టిండన్న. మా ఆయన చూసుకోక పోయిండేమో అని ఆయన్నే తిట్టిన." బిళ్ల విరిగిన మూలను వేలితో తడిమింది. "కాలు పోయినోన్ని పట్టుకొని తిట్టిన."

బుచ్చిరాములు ఫోను జేబులో మోగింది. క్లబ్బు వాళ్లు వీడియో పంపారు. తెరిచాడు. అందులో తను హృషికేశ్ ముందు నిలబడి పెదవులు ఆడిస్తున్నాడు. మాట లేదు, పైన పాట వేశారు. కింద అక్షరాలు: లబ్ధిదారుడి కృతజ్ఞతలు.

"ఎవరన్నా?"

"ఎవరు లేరు."

రాణి బిళ్లను డబ్బాలో పెట్టి మూత వేసి, అతని వైపు నెట్టింది.

"తీస్కపో అన్న. ఒంటికాలు మీద నడిచేటోనికి ఇది ఏడ బిగిస్తవ్?"