టిక్కెట్టు లేని మొహం

చెవి మిషన్ పోయిన రోజున తాతయ్య బాల్కనీలో ఉతికిన బట్టలు ఆరేస్తున్నాడు. తడి దుప్పటిని తీగ మీదికి విసిరితే దాని కొస తగిలి, చెవి వెనకనుంచి మిషన్ ఊడి, రెండంతస్తులు కిందికి జారి, వీధి కాలువ మీది ఇనప కమ్మీల సందులో పడింది. పడ్డ చప్పుడు ఆయనకు వినబడలేదు. వినిపించే వస్తువే కదా పోయింది.

కిందికి దిగి కాలువ వైపు కాసేపు చూసి, ఎవరితోనూ ఏమీ అనకుండా పైకి వచ్చాడు. సంగతి కొడుకుకు తెలిస్తే సాయంత్రానికల్లా కొత్త మిషన్ వచ్చేస్తుంది. అది వస్తే మనవరాలి కోచింగ్ ఆగిపోతుంది. ఆ పిల్ల మెడికల్ ఎంట్రన్సుకు రెండోసారి తయారవుతోంది. ఆ ఫీజు కోసం కొడుకు స్కూటర్ అమ్మేసి ఆఫీసుకు నడిచి వెళ్తున్నాడు. ఇంట్లో ఇక అమ్మడానికి మిగిలింది లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. మనవరాలికి మనసులో చదువుకుంటే తలకెక్కదు, ఎవరికైనా చెబుతూ చదవాలి. నిరుడంతా నానమ్మ వినేది. రక్తం ఎర్రగా ఉంటుందన్న సంగతి తప్ప ఆవిడకు ఆ శాస్త్రం ఏమీ తెలియదు. అయినా బాల్కనీ పక్కన కుర్చీలో కూర్చుని, ప్రతి వాక్యం చివరా "ఊఁ, అయితే?" అనేది. పరీక్ష దగ్గర పడ్డాక ఆవిడ పోయింది. పిల్ల పరీక్ష రాసింది గాని సీటు రాలేదు. ఆ తరవాత ఒకరోజు తాతయ్య ఎవరూ అడక్కుండానే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు వినబడటం లేదంటే ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ అవుతుంది.

అందుకని చెవుల మీదికి జుట్టు పెంచాడు. కోడలు ఉప్పు అందుకోమంటే గొడుగు తెచ్చిచ్చాడు. కొడుకు ఏదో అడిగితే గంగిరెద్దులా తలాడించాడు. నానమ్మ పోయాక ఆయన మనసు ఇక్కడ లేదులే అనుకుని వాళ్ళిద్దరూ ఆయన్ని ఎక్కువగా కదిలించడం మానేశారు. వాళ్ళు అలా అనుకుంటున్నారని ఆయనకు తెలుసు. అది పూర్తిగా అబద్ధమూ కాదు గనక ఊరుకున్నాడు.

మనవరాలి దగ్గర మాత్రం తలాడిస్తే సరిపోదు. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూడటం మొదలుపెట్టాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన సిటీ బస్సులో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో టిక్కెట్టు కొననివాణ్ణి నోరు తెరవనివ్వకుండానే పట్టుకునేవాడు. అలాంటివాడు కిటికీలోంచి బయటికి అవసరానికి మించిన శ్రద్ధతో చూస్తాడు, లేని చిల్లర కోసం జేబు తడుముకుంటాడు. మనవరాలూ అంతే. తెలిసిన పాఠమైతే రెండు చేతులూ గాల్లో బొమ్మలు గీస్తూ ఉంటాయి. తెలియని చోటు రాగానే చూపు ఫ్యాను మీదికి పోతుంది, వేలు జడ కొసను చుట్టుకుంటుంది, పెదవులు పరుగందుకుంటాయి. అప్పుడు తాతయ్య వేలెత్తేవాడు.

"అక్కడ ఆగు. మళ్ళీ చెప్పు."

పిల్ల నాలుక కరుచుకుని పుస్తకం తెరిచేది. కోచింగ్ సార్ తను తప్పు చెబితే పట్టుకుంటాడనీ, తాతయ్య తప్పు చెప్పబోతుంటేనే పట్టుకుంటాడనీ వాళ్ళమ్మతో గొప్పగా చెప్పుకుందట. ఈ మాట ఆయనకు చాలాకాలం తరవాత తెలిసింది.

పరీక్ష ఇంకో నెల ఉందనగా గుట్టు బయటపడింది. ఎవరో వచ్చి అదేపనిగా కాలింగ్ బెల్ నొక్కుతుంటే, తలుపు పక్కనే కూర్చున్న తాతయ్య పేపరు తిరగేస్తూ ఉండిపోయాడట. పిల్ల అది చూసింది. ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఎదురుగా నిలబడి, చూపు ఆయన మీదే ఉంచి, రెండు చేతులూ ఆడిస్తూ గడగడా ఏదో చెప్పింది. జడ జోలికి పోలేదు, ఫ్యాను వైపు చూడలేదు.

తాతయ్య సంతోషపడ్డాడు. "భేష్. అక్షరం పొల్లుపోలేదు."

పిల్ల రఫ్ కాగితం తీసి, తను చెప్పినదేమిటో రాసి చూపించింది. *తాతయ్యా, నీ చెవికి మిషన్ లేదు. ఇన్నాళ్ళూ చెవిటివాడి ముందు శంఖం ఊదాను.*

ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చెవి మీది జుట్టు సవరించుకుంటూ అన్నాడు. "గోడలకే చెవులుంటాయంటారు. నేను గోడపాటి చెయ్యనా?"

పిల్ల నవ్వలేదు. నాన్నకు ఎందుకు చెప్పలేదని రాసింది. చెబితే కొంటాడు, అందుకని అన్నాడాయన. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాసింది. మరి తను తడబడే చోటు ఎలా తెలిసేది?

"నువ్వు టిక్కెట్టు కొనని మొహం పెడతావు తల్లీ. నీ మొహం నీకు కనబడదు గాని, జడ తెలుస్తుందిగా. చెయ్యి అటు పోయిందంటే నీకు రాదన్నమాటే."

అప్పుడు నవ్వింది. పరీక్ష అయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని ఆయన మాట తీసుకున్నాడు. అయిన మర్నాడే తానే చెప్పేస్తానని ఆమె షరతు పెట్టింది.

ఆ పరీక్షలో తప్పు రాస్తే ఉన్న మార్కుల్లోంచి కోస్తారు. నిరుడు గుడ్డిగా గీసిన జవాబులే ఆమె సీటును తినేశాయి. ఈసారి హాల్లో చెయ్యి జడ మీదికి పోయిన ప్రతి ప్రశ్ననూ వదిలేసి వచ్చానని కాగితం మీద రాసింది. వదిలేసినవి ఎన్నని అడగబోయి తాతయ్య ఊరుకున్నాడు. నెల తిరిగాక ఫలితాలొచ్చాయి. సీటు వచ్చింది.

పరీక్ష మర్నాడే పిల్ల సంగతి చెప్పేసినా, ఫలితాలొచ్చేదాకా తాతయ్య కొననివ్వలేదు; ఇక కోచింగ్ ఫీజు లేదు గనక ఇప్పుడు కొత్త మిషన్ కూడా వచ్చింది. దాన్ని తగిలించగానే తాతయ్య విన్న మొదటి మాట కొడుకుది.

"అమ్మ ఉండుంటే నీ చెవి మెలేసేది నాన్నా."

"మెలేస్తే మిషన్ ఊడదూ?" అన్నాడు తాతయ్య. కొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు గాని, భుజాలు కదలడం చూస్తే నవ్వుతున్నాడని తెలిసిపోయింది.

మనవరాలి గొంతు ఈ మధ్యలో కాస్త మారింది. వాళ్ళమ్మ గొంతులా నిదానంగా ఉంది. ఆయన దాన్ని రెండు రోజులు ఊరికే విన్నాడు. మూడో రోజున, ఆ పాఠాలన్నీ తనకు మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. అన్నీ చెప్పావు గాని మిషన్ పోయాక నేను ఒక్కటీ వినలేదు కదా అన్నాడు. పిల్ల హాస్టలుకు పెట్టె సర్దుకుంటూనే మొదలుపెట్టింది. ఎముకలయ్యాయి, రక్తమయింది, జీర్ణాశయం కూడా అయింది. ఆయన మధ్యమధ్య "ఊఁ, అయితే?" అంటుంటే, పిల్ల తలెత్తి చూసి మళ్ళీ సాగించేది. ఇంతలో ఆమె వెళ్ళవలసిన రోజు వచ్చింది.

మొక్కల పాఠాలు ఒక్కటీ చెప్పలేదు. అన్నీ ఇంకా మిగిలే ఉన్నాయి.