మా తోటికోడలి స్పానిష్

ఆ పొద్దు చెంగిచెర్ల మీద మబ్బు పట్టి ఉంది. వాన పడదు, ఎండ రాదు. పప్పుకు పోపు పెడుతుంటే పక్క గదిలోంచి సంతోషి నవ్వు వినిపించింది. ఫోన్‌లో ఎవరితోనో స్పానిష్‌లో మాట్లాడుతోంది. మాటలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వు అర్థమయింది. పని బాగా చేశావని ఎవరైనా అంటే వచ్చే నవ్వు అది.

సంతోషి నా తోటికోడలు. ఇద్దరం నాచారంలో ఒకే మందుల కంపెనీలో, ఎగుమతుల సెక్షన్‌లో పనిచేస్తాం. నేను పాతదాన్ని. ఆమెను అక్కడ పెట్టించింది నేనే. ఇంగ్లిష్ ఇద్దరికీ వచ్చు. పెరూ, మెక్సికోల నుంచి కొనే పార్టీలు పెరిగాక స్పానిష్ కూడా వచ్చినవాళ్లు కావాలన్నారు మేనేజర్ ఫణీంద్ర సార్. సంతోషి హబ్సిగూడలో పొద్దుటి క్లాసుకు పోయి నేర్చుకుంది. ఇప్పుడామెకు గాజు గది, నాకంటే పెద్ద జీతం. మొన్న పెరూ వాళ్లు వచ్చినప్పుడు ఆమె మధ్యలో నిలబడి, అటు మాట ఇటు, ఇటు మాట అటు అందిస్తోంది. సార్ నా వైపు తిరిగి, "తారామణి గారూ, చాయ్ సంగతి కొంచెం చూడండి" అన్నారు. చూశాను. కప్పు అందుకుంటూ సంతోషి "థాంక్యూ అక్కా" అంది. ఆ థాంక్యూ కంట్లో నలుసులా ఇంకా గుచ్చుతూనే ఉంది.

అసూయే. దానికి వేరే పేరు పెట్టను. ఆమె మెట్ల మీద కూర్చుని క్రియాపదాలు వల్లెవేసుకున్న పొద్దులన్నీ నేను ఇంటిల్లిపాదికీ డబ్బాలు కట్టాను. మా ఇంట్లో పొద్దుటి పొయ్యి పెద్దకోడలిది. "పెద్దకోడలి చేతుల్లనే పొద్దు మొదలుగావాలె బిడ్డా" అంది అత్తమ్మ, నేను కాపురానికి వచ్చిన కొత్తలో. అది గౌరవమనుకున్నాను. సంతోషి క్లాసుకు బయల్దేరుతుంటే మా ఆయన గోవర్ధన్, "పిల్లకు జర జల్ది పెట్టు, బస్సు పోతది" అనేవాడు. ఆమె నేర్చిన ప్రతి మాటా నా పొయ్యి మీద ఉడికిందే. ఆ సంగతి ఆ గాజు గదిలో ఎవరికి తెలుసు?

ఆ మబ్బు పట్టిన రోజే ఆఫీసులో సార్ పిలిచారు. స్పానిష్‌కు రెండో మనిషి కావాలట. "మీరు నేర్చుకుంటానంటే దసరా దాకా ఆగుతా. లేదంటే బయటి నుంచి తీసుకుంటాం."

సాయంత్రం ఇంట్లో చెప్పాను. "నేను గూడ పొద్దుగాల క్లాసుకు పోత."

గోవర్ధన్ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఇంట్ల ఒక్కలకొస్తే సాలదా? మెక్సికోళ్లు మనింటికి బువ్వకొస్తున్నరా ఏంది?"

"మరి డబ్బాలెవలు గడ్తరు?" అంది అత్తమ్మ.

నేను సంతోషిని చూశాను. 'నేను జూస్కుంట, పో అక్కా' అంటుందనుకున్నాను.

ఆమె వేళ్లు ఫోన్ మీద ఆగాయి. "మస్తు కష్టమక్కా. పెరూ పార్టీలు నాకలవాటైన్రు, ఇంకొకలతోని మాట్లాడరు." "ఇల్లు గూడ ఆగమైతది గద" అని చేర్చింది.

మాట ఇంటివాళ్లది. చూపు ఆమెది. ఆ చూపును గుర్తుపట్టాను. గాజు గది బయటినుంచి ఇన్నాళ్లూ నేను చూసింది అలాగే. నేనింకా ఒక్క మాట నేర్వలేదు, అప్పుడే ఆమెకు నా మీద కుళ్లు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాలో ఇంకొకరు కుళ్లుకోదగిందేదో ఉందని ఈ ఇంట్లో నాకు తెలియడం అదే మొదలు.

"రేపటి సంది పొద్దుటి వంట సంగతి మీరే జూస్కోండ్రి" అన్నాను.

మరునాడు క్లాసు నుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లాను. మధ్యాహ్నం సంతోషి గాజు గదిలోంచి వచ్చి నా బల్ల మీద రెండు డబ్బాలు పెట్టింది. ఆమె మణికట్టు మీద నూనె చింది ఎర్రగా కమిలింది. పొయ్యి మగవాళ్ల దాకా పోలేదు, ఆమె దగ్గరే ఆగింది. అన్నం ముద్దయింది. పప్పులో ఉప్పు లేదు. ఎదురెదురుగా కూర్చుని అడుగు దాకా తిన్నాం.