చన్నీళ్ళలో మేత

ఆకులు రాలడం మొదలైతే అత్తగారికి పొద్దున్నే కాఫీ కంటే ముందు పెరటి కొలను గుర్తొస్తుంది. దారం కట్టిన థర్మామీటరు నీళ్ళలోకి దించి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చూస్తుంది. కుళ్ళిన కలువ ఆకులు కత్తిరిస్తుంది. అడుగున పేరుకున్న నల్లటి బురద తోడుతుంది. కోడలు ఆ బురద మోసుకెళ్ళి గులాబీ మొదళ్ళలో పోస్తుంది. చివరికి, రాలే ఆకులు పడకుండా, ఇద్దరూ చెరో వైపు పట్టుకుని కొలను మీద వల కడతారు. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

కొడుకు పోయి నాలుగేళ్ళు. అప్పట్నుంచి ఆ వల పట్టేది వీళ్ళిద్దరే.

కొలనులో ఆరు చేపలు. గింజలతో పాటు మనుషుల దిగులూ తింటాయి. గట్టున కూర్చుని నీళ్ళ మీదికి వంగి చెప్పుకుంటే చాలు, మాట పెదవి దాటగానే చిన్న ఉండై నీళ్ళలో పడుతుంది. చేప గుటుక్కున మింగుతుంది. చెప్పుకున్నవాళ్ళ గుండె తేలికవుతుంది. వేసవంతా వీధిలో సగం మంది వచ్చి పోతుంటారు. చెప్పులు మాత్రం గట్టు మీద విడవకూడదు, అది అత్తగారి రూలు.

ఇంకో రూలు, నీళ్ళు పది డిగ్రీల కిందికి దిగితే మేత బంద్. గింజలైనా, దిగులైనా. చలికి చేపల కడుపు నిద్రపోతుంది. తిన్నది అరగక లోపలే కుళ్ళి ప్రాణం తీస్తుంది.

కోడలికి అది తెలియక కాదు. వీధి మూల తాళాలు బాగుచేసే ఆయన పెళ్ళి చేసుకుందామని అడిగి మూడు నెలలైంది. ఆమెకూ ఇష్టమే. అత్తయ్యకి చెప్పడమే చేతకాలేదు. రోజూ చెప్పాలనుకునేది, భయం వేసేది, ఆ భయాన్ని కొలనుకి వేసి తేలికపడి, చెప్పకుండానే వంటలోకి దిగేది. ఆ భయాలు తిని తిని నారింజ రంగు చేప బొజ్జమ్మ గుమ్మడికాయంత అయింది. తాళాలాయన ఓపికే చిక్కిపోయింది.

"ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పు. మా అన్న వాళ్ళ ఊళ్ళో కొట్టు పెట్టుకోమంటున్నాడు. నువ్వు కాదంటే వెళ్ళిపోతా" అన్నాడు.

శనివారం థర్మామీటరు ఎనిమిది చూపించింది. అయినా ఆమె వల అంచు ఎత్తి, "ఒక్కటే, చిన్నది" అంటూ బొజ్జమ్మకి వేసింది.

ఆదివారం పొద్దున బొజ్జమ్మ పక్కకి ఒరిగి తేలుతోంది.

అత్తగారు రెండు చేతులా పట్టి వంటింటి టబ్బులోకి మార్చింది. పసిబిడ్డకి రాసినట్టు వేలితో పొట్ట మీద మెల్లగా రాసింది. చేప ఒక ఉండ కక్కింది. అది పైకి తేలి పగలగానే వంటిల్లంతా కోడలి గొంతు.

"నేను తాళాలాయన్ని చేసుకుంటానంటే అత్తయ్యకి కొడుకు రెండోసారి పోయినట్టుంటుందేమో."

కోడలు స్టవ్వు కేసి తిరిగి నిలబడింది.

"లోపల ఇంకోటుంది" అంది అత్తగారు గొంతు తగ్గించి. "దాన్ని వదిలేద్దాం."

"వదిలేస్తే చస్తుంది అత్తయ్యా. జరగండి."

ఈసారి కోడలే రాసింది. రెండో ఉండ పగిలింది. అత్తగారి గొంతు.

"ఆ తాళాలవాడి సంగతి ఈ పిల్ల నాకు చెప్పే రోజు ఇంకొక్క రోజు ఆలస్యమైతే బాగుణ్ణు."

బొజ్జమ్మ సర్దుకుని, ఏమీ ఎరగనట్టు ఈదడం మొదలెట్టింది.

"మీకు తెలుసా?"

"మూడు నెలల్లో ఇంటికి నాలుగు కొత్త తాళాలు తెచ్చావు. కోళ్ళగూటికి కూడా. మనకి కోళ్ళే లేవు కదమ్మా."

కోడలికి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ. "మీరెప్పుడు వేశారు?"

"నిన్నే, నువ్వు లోపలికెళ్ళాక. ఎనిమిదని చూసి కూడా వేశాను, సిగ్గులేకుండా."

ఇక దిగులు వేయడానికి చోటు లేదు. మిగిలిందంతా ఇద్దరూ ఆ టబ్బు పక్కనే నేల మీద కూర్చుని ఒకరికొకరు చెప్పుకున్నారు. పన్నెండైంది. అత్తగారు చేతులు తుడుచుకుని లేచింది.

"ఆదివారం ఒంటిగంటకే కొట్టు కట్టేస్తాడు. వెళ్ళి వెంటబెట్టుకు రా. నువ్వు ఎత్తిన వైపు వల జారిపోయింది, మళ్ళీ కట్టాలి."

"మనిద్దరం చాలమా?"

"నా భుజం నొప్పి. ఒక వైపు నువ్వు, ఒక వైపు అతను."

"మరి మీరు?"

"వంకరగా కడుతున్నారని అరవడానికి ఒకరుండాలిగా."

కోడలు పరుగులాంటి నడకతో గేటు దాటింది. ఆ గేటుకి రెండు తాళాలున్నాయి. ఒక్కటీ వేయలేదు.