కొత్తతోపులో స్టాపు

రైలు సర్వే వాళ్ళు ఇంటింటికీ వచ్చి "మీరు బెజవాడ వెళ్తుంటారా?" అని అడుగుతారట. వెళ్తామన్న వాళ్ళ పేరు రాసుకుని, సరిగ్గా వాళ్ళ తోటలోంచే పట్టాలు లాగుతారట. ఈ సంగతి నాగేశ్వరమ్మకి ఆగిరిపల్లిలో ఆవిడ చెల్లెలి తోడికోడలు చెప్పిందట. ఆ తోడికోడలికి ఎవరు చెప్పారో మాత్రం నాగేశ్వరమ్మ అడగలేదు. అలాంటివన్నీ అడిగితే కబురు చప్పబడిపోతుంది.

"అందుకని అన్నయ్యగారూ, నేను బెజవాడ కాదు కదా, నూజివీడు కూడా చూళ్ళేదని చెప్పేస్తాను" అని గోడ మీంచి పక్కింటి రామచంద్రరావుకి చెప్పేసి, కోడిపిల్లల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

రామచంద్రరావు ఆ మాట నమ్మలేదు. నమ్మకపోయినా, వెళ్ళమని చెప్పాలనే ఆలోచన మాత్రం ఆయనకి పనికొచ్చింది.

ఆయనది మామిడితోటల గుత్త వ్యాపారం. పూత మీదుండగానే ఊళ్ళోవాళ్ళ తోటలు బేరమాడుకుని, కాపు కోయించి అమ్ముకుంటాడు. ఈ వ్యాపారానికి కావలసింది మొహం. చెట్టు కొమ్మ కనపడకుండా పూసినా సరే, తోటగలాయన ముందు పెదవి విరిచి "ఏముందండీ, తేనెమంచు పురుగు కొట్టేసింది, పిందె నిలవదు" అనాలి. మనసులో ఎంత ఆశగా ఉంటే మొహం అంత చేదుగా పెట్టాలి. పూతల రోజుల్లో ఆయనకి ఇదెంత అలవాటైపోతుందంటే, ఇంట్లో గుత్తివంకాయ ఎలా ఉందని భార్య బుజ్జమ్మ అడిగినా "ఆఁ, పర్లేదులే" అనేస్తాడు. మారు మాత్రం రెండుసార్లు వడ్డించుకుంటాడు.

రైలు వచ్చేది నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా బెజవాడకి. కూతపెట్టుకుంటూ పోయే పెద్ద రైలు కాదు. రెండు మూడు పెట్టెలతో, రోడ్డు పక్కనే కరెంటు మీద నడుస్తూ, బస్సులాగా మధ్య ఊళ్ళలో ఆగుతూ పోతుంది. ఊళ్ళో అందరికంటే దానికోసం ఎక్కువ ఎదురుచూసేది రామచంద్రరావు కోడలు రోజా. ఆ పిల్ల బెజవాడలో ఓ ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోజూ స్కూటీ మీదే రాకపోకలు. కిందటేడు కాయల లారీని తప్పించబోయి పడి మోచేయి విరగ్గొట్టుకుంది. అప్పట్నించీ మొగుడు ప్రేమ్‌చంద్ ఉద్యోగం మానెయ్యమంటాడు.

"రైలు పడుతోందిగా. మన ఊళ్ళో ఆగుతుందంటే, అది వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకొస్తాను. ఆగదంటే మీరు చెప్పినట్టే మానేస్తాను" అని మొగుడితో ఒప్పందానికొచ్చింది.

కోడలి కోసమే రామచంద్రరావు ఊళ్ళోవాళ్ళని పోగేసి తనకి తెలిసిన విద్య నేర్పాడు. "కావాలన్నట్టు కనపడ్డామా, స్థలం ఊరికే ఇచ్చెయ్యమంటారు. అక్కర్లేదన్నట్టుండండి. వాళ్ళే బతిమాలి స్టాపు పెడతారు."

సర్వేకి ప్రవల్లిక అనే అమ్మాయి రామచంద్రరావు ఇంటికి వచ్చింది. చేతిలో ట్యాబు, నెత్తి మీద చున్నీ, మాటలో మర్యాద.

"మీ ఇంట్లోంచి రోజూ ఊరు దాటి వెళ్ళేవాళ్ళెవరైనా ఉన్నారా అండీ?"

"మా ఊళ్ళోవాళ్ళు ఎక్కడికెళ్తారమ్మా! తోటలు, ఇళ్ళు. అంతే."

"రైలు పడితే ఎక్కుతారా?"

"ఏం రైలో, ఏమో. పెడితే పెట్టండి, లేకపోతే మానండి."

ఆ అమ్మాయి వాకిట్లోకి చూసింది. అవాళ రోజాకి సెలవు. స్కూటీ అక్కడే ఉంది, హ్యాండిల్‌కి హెల్మెట్టు వేలాడుతోంది. "మరి ఆ బండి?"

"అదా? మా కోడలు సరదాకి కొనుక్కుందిలే."

లోపల బుజ్జమ్మ గరిటె కాస్త గట్టిగానే కింద పెట్టింది.

కోతలు మొదలయ్యే వేళకి మండలాఫీసు గోడకి రైలు మ్యాపు అంటించారు. గీత కొత్తతోపు పక్కనుంచే పోయింది. చుక్క మాత్రం పడలేదు. రైలు వీళ్ళ ఊరి ముందునుంచే పోతుంది, ఆగదు.

రోజా ఆ మ్యాపు ఫోటో ఫోన్లో చూపించి మెల్లిగా అడిగింది. "మావయ్యగారూ, సర్వే వచ్చినప్పుడు ఏం చెప్పారండీ?"

ఆయన మీసం సవరించుకున్నాడు. బుజ్జమ్మే అందుకుంది. "ఏం చెబుతారు? తోట బేరంలో చెప్పినట్టే చెప్పారు. ఊరంతటికీ తేనెమంచు పట్టిందన్నారు."

రోజా కోప్పడినా బాగుండేదనిపించింది ఆయనకి. ఆ సాయంత్రం స్కూటీ తుడవకుండానే లోపలికెళ్ళిపోయింది. రోజూ తుడిచే పిల్ల.

అభ్యంతరాలు వినడానికి పెట్టిన సభకి రామచంద్రరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు. రైలాఫీసు నుంచి ఉదయ్ భాస్కర్ అనే ఇంజనీరు వచ్చాడు. ఓపికగల మనిషి.

"కొత్తతోపువాళ్ళం అందరం బెజవాడ పోయేవాళ్ళమేనండీ" అన్నాడు రామచంద్రరావు మైకు పట్టుకుని.

ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. "అప్పుడు ఒక్కరూ వెళ్ళరన్నారు. ఇప్పుడు అందరూ వెళ్తామంటున్నారు. ఏది రాసుకోమంటారు?"

"బేరంలో మొదటిమాట ఎవరైనా రాసుకుంటారా అండీ?"

సభంతా ఘొల్లుమంది. "మేం రాసేసుకున్నామండీ" అన్నాడు ఇంజనీరు, తనూ నవ్వాపుకుంటూ.

నవ్వు తగ్గేదాకా ఆగాడు రామచంద్రరావు. చిన్నప్పట్నించీ మాటలతో బతికినవాడికి ఆ క్షణాన మాటలకి విలువ లేదని తెలిసిపోయింది. "సరేనండీ, మా మాట నమ్మకండి. మా వ్యాపారంలోనూ అంతే. తోటగలాయన ఏం చెప్పినా చెట్టు కిందకెళ్ళి తలెత్తి చూడందే నమ్మం. మీరూ అలాగే చూడండి. ఒక సోమవారం పొద్దున్నే మా సెంటర్లో మనిషిని నిలబెట్టండి."

కాలేజీలు తెరిచాక ప్రవల్లికని పంపుతామన్నారు.

ఆ కబురు తెలియగానే నాగేశ్వరమ్మ గోడ దగ్గరికొచ్చింది. "అన్నయ్యగారూ, మా చెల్లెలి వైపువాళ్ళందర్నీ ఆటోల్లో దింపేద్దాం. సంచులు పట్టుకుని అటూ ఇటూ తిరిగితే లెక్కలో పడతారు."

ఆయనకి నోరూరింది. బుట్టలో పైవరసకి మంచికాయ పేర్చడం ఆయనకి కొత్తేం కాదు. కానీ అరుగు మీద హెల్మెట్టు సర్దుకుంటున్న రోజా తలెత్తింది.

"వద్దు మావయ్యగారూ. ఉన్నవాళ్ళు చాలు."

"చాలకపోతే?"

"చాలకపోతే మానేస్తాను. దొంగలెక్కతో వచ్చిన రైలు నేనెక్కను."

సోమవారం తెల్లారేసరికి ఆయన సెంటర్లో ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆ వేళప్పుడు అక్కడ నిలబడటం అదే మొదటిసారి. ఎప్పుడూ ఆ పాటికి ఏదో ఒక తోటలో ఉండేవాడు. ముందు బెజవాడ ఆటోనగర్ షెడ్లలో పనికెళ్ళే కుర్రాళ్ళు వచ్చారు, ఒక్కో బండి మీద ముగ్గురేసి. తరవాత టిఫిన్ డబ్బాల సంచులతో బట్టల షాపుల ఆడపిల్లలు, షేర్ ఆటోలో కుక్కుకుని, ఇద్దరు డ్రైవర్ పక్కన వేలాడుతూ. మెళ్ళో ఐడీ కార్డులతో కాలేజీ పిల్లలు. వాళ్ళ వెనకాల చేతిసంచీతో గుడి పూజారి ఉమాపతి.

"మీరూనా పంతులుగారూ?"

"బెజవాడలో సాయంత్రం దాకా ఇంకో గుడి చూస్తానండీ. ఈ ఊరి నైవేద్యంతో ఇల్లు గడుస్తుందా? చాలా ఏళ్ళయింది. మీకు ఇప్పుడు కనపడ్డాను."

ప్రవల్లిక వేలు ట్యాబు మీంచి లేవడం లేదు. రామచంద్రరావు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఊరంతా ఇలా విరగబూసిందని ఆయనెప్పుడూ తలెత్తి చూడలేదు. ఈసారి పెదవి విరవబుద్ధి కాలేదు.

రోజా స్కూటీ మీద వచ్చి ఆగింది.

"సరదాకి కొన్న బండి ఇదేనా అండీ?" అంది ప్రవల్లిక, తల ఎత్తకుండానే.

"ఆఁ. రోజూ రెండుపూటలా సరదానే" అని రోజా యాక్సిలరేటర్ తిప్పినంత ఊపుగా నవ్వి వెళ్ళిపోయింది.

శ్రావణంలో ఉదయ్ భాస్కర్, ప్రవల్లిక ఎర్రరంగు డబ్బాతో రామచంద్రరావు సొంత తోటకే వచ్చారు. కొత్తతోపుకి చుక్క పడింది. అయితే ప్లాట్‌ఫారం పట్టే చోటు ఊరు మొత్తం మీద ఒక్కటే ఉంది, అది ఈ తోటలో రోడ్డు వైపు వరస. రామచంద్రరావు వాళ్ళ నాన్న నాటిన చిన్నరసాలు. ఏ చెట్టు కాసిందో, ఏది కాయలేదో వానాకాలంలో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆకులన్నీ ఒకటే పచ్చన.

"మీరు ఒప్పుకుంటే కొట్టెయ్యాల్సిన చెట్లకి ఇవాళే గుర్తు పెట్టేస్తామండీ. ఇక్కడ కుదరకపోతే చుక్క మళ్ళీ తీసెయ్యాలి" అన్నాడు ఇంజనీరు.

రోజా ఆరోజు సెలవు పెట్టి మరీ, బుజ్జమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. చెట్టు మొదట్లో నిలబడి రంగు డబ్బా వైపే చూస్తోంది.

ఇచ్చేద్దామనే ఇంట్లోంచి బయల్దేరాడు రామచంద్రరావు. కానీ ఇన్నేళ్ళూ కొనేవాడిగానే నిలబడ్డ మనిషి, మొదటిసారి ఇచ్చేవాడి వైపు నిలబడ్డాడు. మొహం దానంతటదే మారిపోయింది. చెట్టు మీద చెయ్యేసి, బరువుగా నిట్టూర్చాడు.

"ఇవి మామూలు చెట్లు కాదండీ. ఏటేటా కొమ్మలు విరిగేంత కాపు. ఈ ఒక్క వరసే మా ఇంటిని..."

"నాలుగేళ్ళ నుంచి పూత కూడా లేదు" అంది బుజ్జమ్మ. "రంగు పూసుకోండి బాబూ."