మెయిన్ మీద చెయ్యి

గెలికినవ్ అన్నాడు చూడు బావ, బాగుచేసుకుంటున్నవ్ అనలేదు, గెలికినవ్, అదేదో మానుతున్న పుండయినట్టు, సంధ్యారాణి బల్లకింద మోకాళ్లమీద కూర్చుని కంప్యూటర్ పెట్టె వెనక తీగలు ఒక్కొక్కటే ఊడదీసి మళ్లీ గుచ్చుతూ ఆ ఒక్క మాటనే నములుతోంది, పెట్టె ముందు చిన్న దీపం నారింజరంగులో మిణుకుమంటుంది, ఆగుతుంది, మళ్లీ మిణుకుమంటుంది, తెర మాత్రం నల్లగా, అందులో తన మొహమే, చెమటా, జారిన బొట్టూ, పొద్దున ఇదే తెరమీద చీర అంచు సగం గీసి పెట్టింది, పసుపు మొక్క ఆకుల అంచు, జగిత్యాల దగ్గర అమ్మవాళ్ల చేలో వాన పడ్డాక ఆకు ఎట్లా విచ్చుకుంటుందో అట్లా, సిరిసిల్లలో ఇంతవరకు ఎవరూ నేయని అంచు, పక్కసందు మగ్గాలవాళ్లు పడుగు ఎక్కించుకుని దీనికోసమే కూర్చున్నారు, ఇప్పుడు ఆకూ లేదు అంచూ లేదు, నిన్నెవలు ముట్టుమన్నరు అని ఫోన్‌లో అరిచాడు బావ జలపతి, తన మొగుడు నవీన్‌కి అన్న, కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది కాబట్టి కరెంటుతో నడిచేదేదైనా తనకే తెలుసంటాడు, మంచిగున్నదాన్ని ఖరాబు జేసినవ్, నేను బస్సెక్కిన, డబ్బ కట్టిపెట్టు, నా దుకాణంల పెట్టుకుంట, ఇంట్ల ఆడోళ్లకు గా డబ్బ ఎందుకు, మంచిగా ఉందట, ఏం మంచిగా ఉంది, పెద్ద బొమ్మ తెరిచినప్పుడల్లా బిగుసుకుపోయేది, సగం గీసిన పువ్వుమీద చెయ్యి అట్లాగే ఆగిపోయేది, ఆ బాధ ఆయన పడ్డాడా.

తనేం గుడ్డిగా నొక్కలేదు, పెట్టె తయారుచేసిన కంపెనీవాళ్ల పేజీ రెండుసార్లు చదివింది, లోపలి ఫర్మ్‌వేర్ పాతబడింది, కొత్తది ఎక్కించుకుంటే బిగుసుకుపోవడం ఆగుతుందని వాళ్లే రాశారు, ఫర్మ్‌వేర్ అంటే ఏముంది, పెట్టె నిద్రలేవగానే అన్నిటికన్నా ముందు చదువుకునే నాలుగు ముక్కలు, అవి లేకపోతే దానికి తెర ఏదో మీట ఏదో కూడా తెలియదు, అందుకే ఎక్కుతున్నంతసేపూ కరెంటు తీయొద్దని ఎర్రక్షరాల్లో హెచ్చరిక, ఆ హెచ్చరికా చదివింది, అంతా సరిగ్గానే నడిచింది, ఎంత ఎక్కిందో చూపే గీత తెరమీద సగం దాకా జరిగింది, అప్పుడు పెట్టెలో ఫ్యాను ఒక్కసారిగా గుర్రుమంది, ఎక్కించేటప్పుడు అట్లా అరవడం మామూలేనట, అదీ పేజీలో ఉంది, కానీ వాకిట్లో బట్టలు ఆరేస్తున్న అత్త లస్మవ్వకి ఆ పేజీ ఎవరు చదివి చెప్పారు, చేతిలో తడిచీరను అక్కడే పడేసి ఉరికొచ్చి, అత్తమ్మా వద్దు అనేలోపే, గుంజకున్న మెయిన్ స్విచ్చి కిందికి గుంజేసింది, అంతే, చీకటి, ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది, ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు, గా డబ్బ మొత్తుకుంటుంటే సూసుకుంట నిలవడుదునా బిడ్డా అంది లస్మవ్వ, రొప్పుతోంది, సంధ్యారాణి మెయిన్ మళ్లీ లేపింది, తెర వెలగలేదు, ఆ కోపం ఇంకా అరచేతుల్లోనే ఉంది.

బావతో మాత్రం కరెంటు పోయిందని చెప్పింది, లస్మవ్వ పక్కనుంచి నేనే బంద్ జేసిన్నని చెప్పు అని చెయ్యి ఊపుతున్నా చెప్పలేదు, ఎందుకు చెప్పాలి, చెబితే ఇద్దరు ఆడవాళ్లు కలిసి చెడగొట్టారని కోరుట్ల బస్టాండు దాకా చాటింపు వేస్తాడు, మస్కట్ నుంచి నవీన్ గొంతు రికార్డు చేసి పంపాడు, అన్న చెప్పినట్టు ఇను సంధ్యా, ఆయనకు ఎరుకలే, నీకెందుకీ లొల్లి, ఎంత మెత్తగా అన్నాడో, మెత్తగా అంటే నొప్పి ఉండదనుకుంటాడు, ఈ పెట్టె కొనిచ్చింది తనే, నీ బొమ్మలు నువ్వు గీసుకో అన్నది తనే, ఇప్పుడు అన్నకి ఇచ్చెయ్యమంటాడు, జగిత్యాల పాలిటెక్నిక్‌లో కూడా ఇంతే, ల్యాబులో ప్రతి మిషన్‌కీ ముట్టరాదు అని కాగితం అంటించి ఉండేది, అబ్బాయిలు ముట్టేవాళ్లు, అమ్మాయిలు ఆ కాగితం చదివేవాళ్లు, నేనివ్వను అంది పైకే, గోడకి చెప్పింది, ఇవ్వను, ఏం చేస్తాడో చేసుకోనీ.

ఇలా చచ్చిపడ్డా లేపే దారి ఉందని అదే పేజీలో అడుగున ఉంది, ఫర్మ్‌వేర్ ఫైలు ఫోన్‌లో దింపుకుని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టెకి గుచ్చాలి, కరెంటు లేనప్పుడే రెండు మీటలు కలిపి నొక్కి పట్టాలి, పట్టి ఉంచే కరెంటు ఇవ్వాలి, ఒడిలో కీబోర్డు పెట్టుకుని ఒకచేత్తో మీటలు నొక్కి ఇంకో చెయ్యి చాచి గోడకి ప్లగ్గు గుచ్చబోతే మీటలు జారాయి, మళ్లీ గుచ్చితే భుజం పట్టేసింది, ఇంకోసారి రెండూ కుదిరినా దీపం అదే మిణుకు, ఎందుకు, ఎక్కడ తప్పు, మళ్లీ పేజీ తీసింది, ఆ స్థితిలో పెట్టెకి పాతరకం చిన్న పెన్ డ్రైవ్ తప్ప ఆనదట, తనదేమో మొన్న కొన్న పెద్దది, పాతది ఎక్కడ దొరుకుతుంది, అనుకుంటూనే తల తిప్పింది, గూట్లో లస్మవ్వ పాటల డబ్బా ఉంది, పొద్దున లేస్తే రాజన్న దేవుడి పాటలు మోగే డబ్బా, దాని పక్కన గుచ్చి ఉంది ఎప్పటిదో బుల్లి పెన్ డ్రైవ్, అత్తమ్మా నీ పాటలు అడుగుతున్న, పోవు, పక్కకు జరిగి దీనికి జాగ ఇస్తయి అంతే, లస్మవ్వ ఒక్కమాట అడగకుండా ఊడదీసి కొంగుతో తుడిచి చేతిలో పెట్టింది, పోతే పోనియ్ బిడ్డా, అచ్చినకాడికి నేనే పాడుకుంట అంది, అప్పుడు సంధ్యారాణి అరచేతుల్లోని కోపం ఎటు పోవాలో తెలియక నిలబడింది.

ఫైలు దాంట్లోకి మార్చి పెట్టెకి గుచ్చింది, ప్లగ్గు గోడకే ఉంచి మెయిన్ దించింది, నువ్వు మెయిన్ కాడ నిలవడు అత్తమ్మా, నేను ఊ అన్నప్పుడు లేపు, ఈసారి గూడ ఫ్యాను ఒర్రుతది, గట్టిగ ఒర్రుతది, దించకు, అని చెప్పాక గానీ లస్మవ్వ మొహం చూడలేదు, పాలిపోయింది, మెయిన్ పిడిని వేళ్లతో గట్టిగా పట్టుకుంది, ఇదే షెడ్డు కదా, మగ్గాలు అమ్మేశాక కంప్యూటర్ పెట్టుకున్న ఈ గది, ఇదే గుంజ, ఇదే మెయిన్, గప్పుడు గూడ మగ్గం గిట్లనే ఒర్రింది అంది లస్మవ్వ, మీ మామ చెయ్యి మగ్గం బెల్టుల వడ్డది, బంద్ జెయ్యి బంద్ జెయ్యి అని మొత్తుకుంటుండు, నేను గీడనే నిలవడ్డ, ఆడోళ్లు మెయిన్ ముట్టద్దని మా అత్త ఎన్నిసార్లు కొట్టింది, ఎవలన్న మొగోళ్లు అస్తరేమోనని వాకిట్లకు సూసిన, సంధ్యారాణికి ఆ చెయ్యి గుర్తుంది, సమ్మయ్య మామ కుడిచెయ్యి, తన పెళ్లినాడు మొండి మణికట్టుతో అక్షింతలు వేస్తుంటే సగం నేలమీద పడ్డాయి, పోయేదాకా ఎడమచేత్తోనే తిన్నాడు, పొద్దున తడిచీర పడేసి ఉరికొచ్చింది కంప్యూటర్ కోసం కాదు, మా అత్త పిచ్చిది అనుకున్నాను కదా, చెడగొట్టింది అనుకున్నాను కదా, మీటలు నొక్కి పట్టింది, ఊ అంది.

లస్మవ్వ మెయిన్ లేపింది, దీపం వెలిగింది, ఫ్యాను గుర్రుమంది, పొద్దున్నకంటే గట్టిగా, బల్లమీద గ్లాసు అదిరింది, సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది, చెప్పులైనా విడవకుండా లోపలికొచ్చాడు జలపతి, ఏందా సప్పుడు, కాలిపోతది, బంద్ జెయ్యుండ్రి, జరుగవ్వా, అని మెయిన్ వైపు చెయ్యి చాచాడు, లస్మవ్వ జరగలేదు, పిడిమీద చెయ్యి తియ్యలేదు, కొడుకు కళ్లలోకి చూసి, ముట్టకు, అంది, అది ఒర్రనియ్యి, నా కోడలికి ఎరుకే, నువ్వు ముట్టకుర జలపతీ, ఆ మాట ఈ షెడ్డులో ఒక మగవాడు వినడం ఇదే మొదలేమో, చాచిన చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది, తెరమీద సన్నగా తెల్లగీత పుట్టి జరుగుతోంది, సంధ్యారాణి దాన్ని చూడటం లేదు, ఆ ముసలి వేళ్లనే చూస్తోంది, గీత చివరిదాకా పోయినా పోకపోయినా ఈ పెట్టె ఈ గడప దాటదు, రేపు మళ్లీ పాడైతే రేపు మళ్లీ విప్పుతుంది, ఈ ఇంట్లో ఒక చెయ్యి పోయింది, ముట్టినందుకు కాదు, ముట్టనియ్యనందుకు.