విషం దింపే తంతి

పాము కరిస్తే ఆ రోజుల్లో మా వైపు జనం దొనకొండ స్టేషనుకు పరుగెత్తేవాళ్ళు. ఎక్కడో దూరాన ఒక స్టేషన్ మాస్టరు ఉన్నాడు. కాటు తిన్నవాళ్ళ పేరు టెలిగ్రాఫు తంతిలో పంపితే ఆయన అక్కడే మంత్రం వేస్తాడు, ఇక్కడ విషం దిగుతుంది. అదీ నమ్మకం.

నా భార్య ఆదెమ్మను జొన్నచేలో పాము కరిచింది. నేనూ, ఆమె అన్న గోవిందయ్యా మంచం మీద మోసుకుని స్టేషను చేరేసరికి మార్కాపురం పోయే రైలు నిలబడి ఉంది. మార్కాపురంలో డాక్టరున్నాడు. మంచం రైల్లోకి ఎత్తమన్నాను. మిషన్ బడి పంతులు ప్రకాశరావు ముందే సైకిలు మీద వచ్చి తంతి కొట్టించాడు.

“జవాబు వచ్చేదాకా కదిలించగూడదంట బావా,” అన్నాడు గోవిందయ్య.

“ఆడ మంత్రమేస్తే ఈడ విషమెట్ల దిగుతాది?” అన్నాను.

“ఆడ టకటకమంటే ఈడ మాట తెలీడంలా మామా?” అన్నాడు ప్రకాశరావు. “తంతి సంగతి మీ తాతకు చెప్పింటే నమ్మునా? సైన్సుకు అందనివి శానా ఉండాయి. మనసు కొంచెం పెద్దది చేసుకో.”

ఆదెమ్మ నా చేయి పట్టుకుంది. “రైలొద్దయ్యా. యల్లయ్య చిన్నాయన తంతితోనే గదా బతికినాడు. ఏడుపు మొగమేసుకోకుండా కూచో.”

రైలు వెళ్ళిపోయింది. తర్వాత జవాబు వచ్చింది. విషం దింపాను, భయం లేదు అని. అది చదివి వినిపిస్తుంటే ఆమెకు రెప్పలు లేవడం లేదు. ఇంకో రైలు రాకముందే పోయింది. రైలొద్దన్నందుకు ఆమెను కూడా నేను క్షమించలేదు.

కర్మంతరాలు అయ్యాక యల్లయ్యను అడిగాను, నిన్ను ఏ పాము కరిచిందని.

“చీకట్లో ఎవురు జూసినారు అల్లుడా? పామో, జెర్రో. బతికినా గదా!”

పక్క ఊళ్ళో ఓబులమ్మ కొడుక్కీ తంతి కొట్టారు. వాడు చచ్చాడు. “మా రాత నాయనా, ఆయనేం జేస్తాడు?” అందామె. బతికినవాళ్ళ పేర్లు తాలూకా అంతా చెప్పుకుంటుంది. చచ్చినవాళ్ళను ఇంటివాళ్ళు తప్ప ఎవరూ తలవరు.

ప్రకాశరావు దగ్గరికి వెళ్ళాను. “బతికితే ఆయన మహిమ. చస్తే?”

“నీకు నమ్మకం చాల్లేదు మామా.”

“ఆమె నమ్మింది గదా. సరే, ఏం జరిగితే ఇది అబద్ధమని ఒప్పుకుంటావు? ఒక్కటి చెప్పు.”

“దుఃఖంలో ఉండావు,” అన్నాడు.

“నీది పెద్ద మనసు గాదు పంతులూ. తలుపుల్లేని ఇల్లు. కుక్కైనా నక్కైనా దూరుతాది.”

మార్కాపురం వెళ్ళి డాక్టరును అడిగాను. ఆ రోజు రైలెక్కించి ఉంటే?

“మందైతే ఉంది. ఏ పామో తెలియదు, ఎంత విషం ఎక్కిందో తెలియదు. బతికేదని చెప్పలేను,” అన్నాడు.

అన్నాళ్ళలో తెలియదన్నవాడు ఆయనొక్కడే.

తిరిగి దొనకొండలో దిగాను. ఎదురు పట్టాల మీద మార్కాపురం బండి ఆగి ఉంది. ప్లాట్‌ఫారం మీద మంచం, మంచంలో ఆడపిల్ల, కాలికి గుడ్డ కట్టు. తల్లి తంతి గది వైపు చూస్తూ ఉంది.

“బండెక్కించు తల్లీ. డాక్టరు దగ్గర మందుంది.”

ఆమె నా ముఖంలోకి చూసింది. “ఎక్కిస్తే బతుకుతాదా అన్నా? నిజం చెప్పు.”

అవునంటే ఎక్కించేదే. ఆ అబద్ధం నోట రాలేదు.

“తెలీదమ్మా. మందు పనిచేయొచ్చు, చేయకపోవచ్చు.”

“తంతి మాస్టరైతే తప్పకుండా బతికిస్తాడంట,” అని ఆమె అటు తిరిగింది.

మంచం పట్టె పట్టుకుని లాగాను. వాళ్ళ మగవాళ్ళు నన్ను నెట్టేశారు. బండి కదిలింది.