వీధి పేరు చెప్పిన బుర్రకథ

ఫెయిత్ మళ్ళీ బుర్రకథ చెప్పబోతోందన్న కబురు ఫెయిత్ కంటే ముందు బేబీ ఆంటీకి తెలిసింది. తెలుగు అసోసియేషన్ వెంకటసుబ్బయ్య గారి ఎదురిల్లు ఆవిడది. ఆవిడకి తెలియనిదంటూ కెనడాలోని ఈ హాలిఫాక్స్‌లో ఏదైనా ఉంటే అది మంచు ఎప్పుడు కురుస్తుందో ఒక్కటే. ఇండియన్ స్టోర్లో గోంగూర కట్టలు ఏరుకుంటూ ఆవిడ అమృతతో అన్నదట: "సిగ్గుండాలమ్మా మనిషికి. పాట పాడి పదకొండు మంది పిల్లల్ని ఫిబ్రవరి మంచులో రోడ్డున పడేసింది. మళ్ళీ అదే మొహంతో తంబురా భుజానేసుకుని వస్తోందంట. సుబ్బయ్య గారు దేవుడు కాబట్టి సరేనన్నారు." అమృత ఒక్క ముక్క వదలకుండా, ఆంటీ ముక్కు ఎగబీల్చిన చోట తనూ ఎగబీల్చి, ఫోన్లో అంతా ఫెయిత్‌కి అప్పజెప్పింది.

"గోంగూర లేతదేనా?" అంది ఫెయిత్.

"ఏంటే?"

"ఆవిడ ఏరుకున్న గోంగూర."

"కోపమొస్తే నీతో మాట్లాడలేం తల్లీ," అని అమృత ఫోన్ పెట్టేసింది.

కోపం కొత్తగా వచ్చింది కాదు. రెండేళ్ళ నించి కడుపులో కాపురం పెట్టి ఉంది. ఫిర్యాదు చేసిన మనిషి అని ఊళ్ళో తెలుగువాళ్ళంతా ఆమెకో పేరు తగిలించారు. పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు ఫోన్లో తల దూర్చడం నేర్చుకున్నారు. అదంతా ఆమె భరించింది. భరించలేనిది ఒక్కటే. ఆ పదకొండు మందిలో ఒకతెగా నేల కింది బేస్‌మెంట్‌లో బతికిన ధాత్రి, కథలో తన పక్కన వంతగా నిలబడ్డ ధాత్రి, అది ఎలాంటి కొంపో నలుగురి ముందు ఒక్క మాట చెప్పలేదు. ఆ మాట ధాత్రి నోటి నించి వినేదాకా ఫెయిత్‌కి నిద్ర రుచి తెలిసేలా లేదు.

ఈ గొడవకంతా మొదలు 2022 సెప్టెంబరు. ఆ ఏడు విమానాలు దిగిన పిల్లలకి కాలేజీల్లో సీట్లున్నాయి, పడుకోవడానికే చోటు లేదు. ముగ్గురు ఆడపిల్లలు, రేపల్లె వైపు ఫెయిత్, ఖమ్మం ధాత్రి, అనంతపురం అమృత, హార్బరు అవతలి ఒడ్డు డార్ట్‌మత్‌కి వెళ్ళే ఫెర్రీలో కలిశారు. ఫెయిత్ అమ్మమ్మ ఎల్లమ్మ ఒకప్పుడు రేపల్లె చుట్టుపక్కల బుర్రకథ చెప్పిన మనిషి. ఆవిడ తంబురా, రెండు ఇత్తడి గుమ్మెటలు దుప్పట్లలో చుట్టుకుని మనవరాలు సముద్రం దాటించింది. పచ్చళ్ళ సీసాలేమో బరువెక్కువని ఎయిర్‌పోర్టులోనే వదిలేసింది. వాళ్ళమ్మ ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతుంది.

అద్దె ఇళ్ళలో గుమ్మెట మోగనిచ్చేవాళ్ళు ఎవరు? అందుకని సాధన ఫెర్రీ పై అంతస్తులో. పన్నెండు నిమిషాల ప్రయాణం, ఎదురుగాలి, మంచుపొగ. ఫెయిత్ మాట ఎత్తితే, వంతలిద్దరూ "తందాన తాన" అని అందుకోవాలి. ఎల్లమ్మ పద్ధతిలో రెండు సంగతులు రాజీ లేనివి. కథకురాలు వదిలిన మాట నేల మీద పడకూడదు, వంత పట్టుకోవాలి. కథ ఎత్తేముందు ఊరు, వీధి, ఎవరి వాకిట్లో నిలబడి చెబుతున్నామో పేరుపెట్టి చెప్పాలి. "పేరు చెప్పకుండా కథ చెబితే రేపు దానికి జవాబు చెప్పేదెవరే?" అనేదావిడ.

డార్ట్‌మత్‌లో ఒక చర్చి కింది హాల్లో ప్రతి బుధవారం సాయంత్రం ఫోక్ క్లబ్ నడిచేది. నడిపేది మార్గరెట్ అనే రిటైరైన నర్సు. మైకు పెట్టనివ్వదు, రికార్డు పెట్టనివ్వదు. పాడేవాళ్ళు ముందుగా ఈ పాట ఎక్కడిదో, ఎవరిదో చెప్పి తీరాలి. ఆ నియమం వినగానే ఫెయిత్‌కి ఎల్లమ్మ తెల్లచర్మం తొడుక్కుని వచ్చి కూర్చున్నట్టనిపించింది. జాలరి పాటలు, ఫిడేళ్ళు, మధ్యలో టీ, ఓట్ కేకులు. మూడో వారానికి ఆ ముసలాళ్ళంతా కాళ్ళు నేలకి తాటిస్తూ "తందాన" అనడం మొదలెట్టారు. అంత సరిగ్గా తెలుగు అసోసియేషన్‌లో కూడా ఎవరూ అనలేదు.

చలికాలంలో సొంత కథ కట్టారు, మాటలు సగం తెలుగు సగం ఇంగ్లీషు. ధాత్రి హాస్యం వంత. ఏమీ తెలియనట్టు మొహం పెట్టి అడిగేది.

"అక్కా, విమానం దిగిన రాజకుమారికి కోట ఏడుందే?"

"నేల కింద."

"మంత్రులెందరు?"

"పది మంది. వాళ్ళందరికీ బాత్రూము ఒక్కటి."

"మరి రాజకుమారి శయనాగారం?"

"ఫర్నేసు పక్కన, పదకొండో పరుపు."

"అయితే చలి లేదు, అదృష్టవంతురాలు," అనేది ధాత్రి. హాలు పగలబడి నవ్వేది. ఫర్నేసు పక్కన పడుకునేది తనే. ఆ బేస్‌మెంట్ వెంకటసుబ్బయ్య గారిది. అసోసియేషన్ ప్రెసిడెంటూ ఆయనే.

ఫిబ్రవరిలో ఒక బుధవారం ఫెయిత్ పద్ధతి ప్రకారం కథకి ముందు పేర్లు చెప్పింది. ఇదివరకు రేపల్లె పేరు చెప్పిన నోటితోనే ఈసారి చెప్పింది: "ఈ కథ ఈ ఊరిదే. క్విన్ లేన్, పద్నాలుగో నంబరు." చెబుతున్నప్పుడు ఆమెకి అందులో తప్పు కనపడలేదు. కథకి వాకిలి ఉండాలి కదా. టీ దగ్గర ఒక ముసలాయన, ఫైర్ సర్వీసులో పనిచేసి దిగిపోయినాయన, మెల్లగా అడిగాడు, అది నిజం వీధేనా అని. నిజమేనంది.

నాలుగో రోజున సిటీవాళ్ళు వచ్చారు. బేస్‌మెంట్ మూయించారు. వాళ్ళ కాగితంలో పది మంది అని ఉంది. ఆ సాయంత్రం మార్గరెట్ తలుపు తీస్తే చర్చి హాల్లోకి దొర్లిన సూట్‌కేసులు మాత్రం పదకొండు. ఆ హడావుడిలో లెక్క ఎవరికి పట్టింది.

తర్వాతి ఆదివారం అసోసియేషన్ మీటింగులో వెంకటసుబ్బయ్య గారు చేతులు కట్టుకుని నిలబడి, "పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరమ్మా కంప్లెయింట్ ఇచ్చింది?" అన్నారు. ఫెయిత్ లేచింది. "కంప్లెయింట్ ఇవ్వలేదు. వీధి పేరు చెప్పాను. అక్కడ ఎలా ఉండేదో ధాత్రికి తెలుసు. ధాత్రీ, నువ్వున్నావు కదా అక్కడ, నువ్వే చెప్పు."

ధాత్రి నేల చూసింది. మాట కింద పడింది. ఎవరూ పట్టుకోలేదు.

బృందం ఆ రోజుతో సరి. ఆర్నెల్లు తిరక్కుండా ధాత్రి వెంకటసుబ్బయ్య గారి రియల్ ఎస్టేట్ ఆఫీసులో కుర్చీ ఎక్కింది. ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్‌కి అప్లై చేయాలంటే ఉద్యోగం లెటర్ కావాలి, అది ఆయన ఇస్తారు. ఈ సంగతి విన్న రోజు ఫెయిత్ గుమ్మెటల్ని మంచం కిందికి తోసేసింది.

ఇప్పుడు చర్చి అమ్మేస్తున్నారు, క్లబ్ మూసేస్తున్నారు. చివరి బుధవారం పాత బృందాలన్నీ రావాలని మార్గరెట్ ఉత్తరం రాసింది. జ్ఞాపకాల పుస్తకం కూడా వేసింది. బుర్రకథ బృందం పేజీ ధాత్రి రాసిందట. ఫెయిత్ హాల్లో అడుగుపెట్టి ఆ పేజీ తిప్పింది. 'తెలుగు అసోసియేషన్ అధ్యక్షులు శ్రీ వెంకటసుబ్బయ్య గారి మార్గదర్శకత్వంలో ఏర్పడిన ఈ బృందం' అని మొదలైంది. క్విన్ లేన్ ఊసు లేదు. ఎల్లమ్మ ఊసూ లేదు.

పుస్తకం పట్టుకుని తిన్నగా వంటగదిలోకి వెళ్ళింది. అమృత ముందుగా తెచ్చిచ్చిన గుమ్మెట తోలుని ధాత్రి స్టవ్ మీద సెగకి కాచుకుంటోంది. మంచుపొగకి అది వదులైపోతుంది. ఆ పని నేర్పింది ఫెయితే.

"మార్గదర్శకత్వం అంటే ఏంటే? ఫెర్రీలో ఆయన గుమ్మెట కొట్టాడా?"

"భోజనాలు అసోసియేషన్ పెడుతుంది అక్కా. రాయమన్నరు, రాసిన."

"ఇంకేం రాయమంటే అది రాస్తావా?"

ధాత్రి గుమ్మెట తిప్పింది. "నువ్వు నన్ను అడిగి పాడినవా అక్కా?"

"ఏంటి?"

"వీధి పేరు. నంబరు. నన్నొక్క మాట అడిగినవా? నేనుండే కొంప అది. నువ్వేమో డార్మ్‌లో ఉంటివి, హీటరు, కిటికీ, అన్నీ. కథ నీది, కొంప నాది."

ఆ క్షణంలో ఫెయిత్ కోపానికి కాలు జారింది. జారినందుకు ఇంకా కోపమొచ్చింది. "తప్పే," అంది పళ్ళు బిగించి. "అడగాల్సింది. కానీ నువ్వు చెప్పాల్సిన రోజున చెప్పలేదు."

"చెప్పే తీరు ఉంటే చెప్పకపోదునా."

అంతలో వెంకటసుబ్బయ్య గారు పట్టు లాల్చీతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "ఏమ్మా ఫెయిత్, బావున్నావా? పాతవన్నీ మర్చిపోయాం తల్లీ. ఏదైనా భక్తి కథ చెప్పండి, చక్కగా. మన పరువు కదా."

"అలాగే అంకుల్," అంది ఫెయిత్. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడిందంటే అమృత అయితే గోంగూర సంగతి గుర్తుచేసుకుని రెండడుగులు వెనక్కి వేసేది.

హాలు నిండింది. ముందు వరసలో వెంకటసుబ్బయ్య గారు, ఆయన పక్కన బేబీ ఆంటీ, వెనక తెలుగు కుటుంబాలు, చుట్టూ పాత క్లబ్ జనం. అమృత కుడి పక్కన, ధాత్రి ఎడమ పక్కన. ఫెయిత్ బొటనవేలికి అందె తొడుక్కుని తంబురా మీటింది.

"ఈ కథ రేపల్లె ఎల్లమ్మ మనవరాలు చెబుతోంది. నిలబడ్డది మార్గరెట్ వాకిట్లో. కథ జరిగింది క్విన్ లేన్, పద్నాలుగో నంబరు."

"తందాన తాన," అన్నారు ముసలాళ్ళు, సంతోషంగా. అమృత గొంతు కలిసింది. ధాత్రి గుమ్మెట మీద చెయ్యి పెట్టి ఉంది, మోగించలేదు.

వెంకటసుబ్బయ్య గారు లేచారు. తెల్లవాళ్ళకి అర్థం కాకుండా తెలుగులో, మొహాన నవ్వు చెదరకుండా మాట్లాడారు. "చూడమ్మా, ఎవరూ ఇల్లివ్వని రోజుల్లో నీడనిచ్చినవాణ్ణి. సిటీవాళ్ళు మూలమూలా వెతికారు. పది మంది ఉన్నారు, ఎక్కువయ్యారు అన్నారంతే. ఇంకో తప్పు చూపించలేకపోయారు. నీ కక్షకి పిల్లలు బలయ్యారు. కావాలంటే ధాత్రి ఇక్కడే ఉంది. ధాత్రీ, నువ్వున్నావు కదా అక్కడ, నువ్వే చెప్పు."

బేబీ ఆంటీ తలూపింది. రెండేళ్ళ కింద మీటింగులో తను అన్న మాటే ఆయన నోట్లో విని ఫెయిత్ తంబురా తీగ మీది వేలు తీసేసింది.

ధాత్రి గుమ్మెటని భుజం నించి తీసి కుర్చీలో పెట్టింది. తొందరేమీ పడలేదు.

"సిటీవాళ్ళొచ్చిన పొద్దు నేను నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్న అంకుల్. ఫర్నేసు గదికి బయట తాళమేసింది మీరు. వాళ్ళు తెరవమంటే తాళంచెవి పోయింది, లోపల పాత సామానుంది అన్నరు, నాకినపడింది. ఆ పాత సామాను నేనే."